7.2 సీజీపీఏ, మెకానికల్, జర్మనీ: ఆ లక్ష కట్టే ముందు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. జేఎన్టీయూ కింద ఉన్న కాలేజీలో మెకానికల్, 7.2 సీజీపీఏ, రెండు సబ్జెక్టులు సప్లీలో పాస్, హైదరాబాద్‌లో ఏడాదిన్నరగా డిజైన్ ఉద్యోగం. కన్సల్టెన్సీ వాళ్లేమో "నీ మార్కులకు పబ్లిక్ యూనివర్సిటీ రాదు, బెర్లిన్‌లో ప్రైవేటులో డేటా సైన్స్ ఇప్పిస్తాం, ఈ వారంలో లక్ష కట్టి సీటు బ్లాక్ చేసుకో" అన్నారు. మొత్తం ఖర్చెంత, పార్ట్‌టైమ్‌తో లోన్ తీరుతుందా, జర్మన్ భాష తప్పనిసరా అని నీ ప్రశ్నలు. అక్కడ తిండి ఎలా అని అమ్మ ప్రశ్న.

నాదీ మెకానికలే, ఊరు వరంగల్. 2016లో మాస్టర్స్‌కి తూర్పు జర్మనీకి వచ్చాను. ఇప్పుడు స్టుట్‌గార్ట్ దగ్గర ఒక విడిభాగాల కంపెనీలో పని చేస్తున్నాను. కాబట్టి నాకు తెలిసిన దారి గురించే చెప్తాను. సాఫ్ట్‌వేర్ వాళ్ల లెక్క కొంచెం వేరు.

ముందు ఒక మాట. ఆ లక్ష కట్టకు. మిగతాదంతా చదివాక కూడా కట్టాలనిపిస్తే అప్పుడు నీ ఇష్టం.

"నీ మార్కులకు రాదు" అన్నది నిజమో కాదో నువ్వే లెక్క వేసుకోవచ్చు. జర్మనీలో 1.0 అంటే బెస్ట్, 4.0 అంటే బొటాబొటి పాస్. మన మార్కుల్ని వాళ్ల స్కేలులోకి మార్చడానికి బవేరియన్ ఫార్ములా అని ఒకటి వాడతారు. గరిష్ఠ మార్కులోంచి నీ మార్కు తీసెయ్యి, అంటే 10 నుంచి 7.2 పోతే 2.8. అదే గరిష్ఠ మార్కులోంచి పాస్ మార్కు తీసెయ్యి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, 3తో గుణించి, 1 కలుపు. పాస్ గ్రేడు 5 అనుకుంటే నీకు 2.68 వస్తుంది. 4 అనుకుంటే 2.4 వస్తుంది. చాలా కోర్సులకు కటాఫ్ గీత 2.5 దగ్గర ఉంటుంది. చూశావా, మెమో అదే, కానీ ఒక లెక్కలో గీతకు ఇవతల ఉన్నావు, ఇంకో లెక్కలో అవతల ఉన్నావు. కాబట్టి నీ రెగ్యులేషన్‌లో కనీస పాస్ గ్రేడు పాయింటు ఎంతని రాసి ఉందో మెమో వెనక చూడు. నాకు తెలిసి జేఎన్టీయూ ఆర్18 రెగ్యులేషన్‌లో అది 5. అప్పుడు నీది 2.68 అనుకునే ముందుకెళ్లు, ఆశ పెట్టుకుని 2.4 అనుకోకు.

2.68కి ఆఖెన్, మ్యూనిక్ వదిలెయ్యి. కానీ జర్మనీ అంటే ఆ రెండే కాదు. కెమ్నిట్స్, మాగ్డెబుర్గ్, ఫ్రైబెర్గ్, జీగెన్ లాంటి ఊళ్లలో పబ్లిక్ యూనివర్సిటీలున్నాయి. హోఖ్‌షూలె అనే ప్రాక్టికల్ తరహా కాలేజీలు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని గీత గీయకుండా నువ్వు చదివిన సబ్జెక్టులు వాళ్ల కోర్సుకు ఎంత సరిపోతాయో చూస్తాయి. గణితం ఎన్ని క్రెడిట్లు, మెకానిక్స్ ఎన్ని, థర్మో ఎన్ని అని లెక్క పెడతారు. అందుకే సిలబస్ కాపీ జాగ్రత్తగా తయారు చేసుకోవాలి. సప్లీలో పాసైన రెండు సబ్జెక్టుల గురించి టెన్షన్ పడకు. పాసైపోయాయి కదా, అంతే.

అదే కారణంగా మెకానికల్ చదివి డేటా సైన్స్‌లోకి దూకడం ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీల్లో చాలా కష్టం. అమెరికాలో మన వాళ్లు సివిల్ నుంచి కంప్యూటర్స్‌కి మారిపోతారు, ఇక్కడ ఆ వీలు దాదాపు ఉండదు. నీ కన్సల్టెన్సీ ప్రైవేటు అంటున్నది అందుకే.

ఇంకో కారణం కూడా ఉంది. పబ్లిక్ యూనివర్సిటీలు కన్సల్టెన్సీలకు కమీషన్ ఇవ్వవు. ప్రైవేటువి ఇస్తాయి. నిన్ను పబ్లిక్‌కి పంపితే వాళ్లకు మిగిలేది నువ్విచ్చే సర్వీస్ చార్జి మాత్రమే. వాళ్లను తిట్టడానికి చెప్పడం లేదు, వ్యాపారం వ్యాపారమే. కానీ సలహా ఇచ్చేవాడికి డబ్బు ఎవరిస్తున్నారో తెలుసుకుని ఆ సలహా వినాలి.

ప్రైవేటువన్నీ మోసం అని కూడా అనను. ప్రభుత్వ గుర్తింపు ఉన్నవి ఉన్నాయి. అనాబిన్ అనే జర్మన్ డేటాబేస్‌లో ఆ సంస్థ పేరు పక్కన 'హెచ్ ప్లస్' ఉందో లేదో చూడు. అది ఉన్నా సరిపోదు. క్లాసులు నిజంగా క్లాస్‌రూమ్‌లో జరుగుతాయా, సగం ఆన్‌లైనా అని రాతపూర్వకంగా అడుగు. 2025లో బెర్లిన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేరిన మన దేశం పిల్లలకు ఇదే ఇబ్బంది వచ్చింది. కోర్సు హైబ్రిడ్ కాబట్టి దానికోసం ఇక్కడ ఉండాల్సిన అవసరం లేదని అధికారులు కొందరిని దేశం వదిలి వెళ్లమన్నారు. డబ్బు కట్టేసిన తర్వాత ఆ ఉత్తరం చేతిలోకి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించు.

ఇక ఖర్చు. చాలా పబ్లిక్ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అని 100 నుంచి 400 యూరోల దాకా కడతావు, ఎక్కువ చోట్ల అందులోనే బస్సు పాసు కూడా వస్తుంది. మినహాయింపులున్నాయి. నేనుండే బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 చలికాలపు సెమిస్టర్ నుంచి కొత్తవాళ్ల దగ్గర ఫీజు మొదలుపెట్టింది, మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 యూరోలు.

బ్లాక్డ్ అకౌంట్ అంటే మీ నాన్నగారు ఫీజు అనుకున్నారని రాశావు. ఫీజు కాదు, అది నీ డబ్బే. ఏడాది పాటు తిండికి, అద్దెకు నీ దగ్గర డబ్బుందని చూపించడానికి ముందే వేసి ఉంచుతావు. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు, ఇప్పటి రేటులో సుమారు 12 లక్షల రూపాయలు. ఇక్కడికొచ్చాక నెలకు 992 యూరోల చొప్పున నీకే వదులుతారు. వీసాకి అప్లై చేసే రోజు ఏ మొత్తం అడుగుతున్నారో మాత్రం మళ్లీ చూసుకో, అది మారుతూ ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. వచ్చిన మొదటి రోజే ఆ డబ్బు చేతికి రాదు. ముందు ఇల్లు దొరకాలి, అడ్రస్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, తర్వాత బ్యాంకు ఖాతా తెరవాలి, అప్పుడు మొదటి 992 పడుతుంది. నాకు అయిదు వారాలు పట్టింది. ఈలోగా అద్దెకు డిపాజిట్ అడుగుతారు, చట్టం ప్రకారం మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. అందుకని ఫారెక్స్ కార్డులో కనీసం 1,500 యూరోలు వేరుగా పెట్టుకుని రా. నేను 600తో వచ్చాను. చివరి పది రోజులు ఒక సీనియర్ అక్క దగ్గర అప్పు చేసి గడిపాను.

నెల ఖర్చులో అద్దెదే పెద్ద వాటా. చిన్న ఊళ్లో స్టూడెంట్ హాస్టల్ గది 300 యూరోల చుట్టుపక్కల దొరుకుతుంది. మ్యూనిక్‌లో ఆ డబ్బుకి గది ఫొటో కూడా చూపించరు. హెల్త్ ఇన్సూరెన్స్ నెలకు 140 యూరోల పైచిలుకు, ముప్పై ఏళ్ల లోపు వాళ్లకే ఆ స్టూడెంట్ రేటు. టీవీ లేకపోయినా ఇంటికి ఇంత అని నెలకు 18.36 యూరోలు రేడియో, టీవీ రుసుము కట్టాలి. ఆ ఉత్తరం వస్తే ఏదో మోసం అనుకుని చెత్తబుట్టలో వేసినవాళ్లు నాకు తెలుసు, తర్వాత ఫైన్‌తో కట్టారు. మొత్తం కలిపి చిన్న ఊళ్లో నెలకు 850 నుంచి 950తో బతకొచ్చు.

మాస్టర్స్ రెండేళ్లని కాగితం మీద ఉంటుంది. మన వాళ్లలో నేను చూసినంతలో రెండున్నరేళ్లు మామూలు, మూడేళ్లు కూడా అరుదు కాదు. నెలకు 900 చొప్పున 30 నెలలకు 27,000 యూరోలు, అంటే సుమారు 27 లక్షలు. "జర్మనీ ఫ్రీ" అన్న మాట వెనక ఉన్న లెక్క ఇదీ. ఇందులో కొంత నువ్వే సంపాదించుకుంటావు. రెండో ఏడాది వీసా పొడిగింపుకి మళ్లీ డబ్బు చూపించాలి, అప్పటికి మంచి పార్ట్‌టైమ్ కాంట్రాక్టు ఉంటే చాలాచోట్ల దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు.

నువ్వు అడగలేదు గానీ, తెలంగాణ ప్రభుత్వం ఓవర్సీస్ స్కీములు చూశావా? ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఒకటి, మైనారిటీలకు ఇంకొకటి ఉన్నాయి. 20 లక్షల దాకా సాయం, దేశాల జాబితాలో జర్మనీ ఉంది. ఆదాయ పరిమితి, మార్కుల పరిమితి ఉన్నాయి. అర్హత ఉంటే తప్పకుండా పెట్టు. కానీ డబ్బు నువ్వు ఇక్కడికి చేరిన తర్వాత విడతలుగా వస్తుంది, ఆ ధైర్యంతో బ్లాక్డ్ అకౌంట్‌కి లోన్ ఆపుకోకు. ఇంకొకటి, బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ నుంచి పంపే డబ్బుకు 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ కోత లేదు, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడు ముందే పట్టుకునే పన్ను.

పార్ట్‌టైమ్ సంగతి. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకపోవడం మంచిది. యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ దగ్గర చేసే పనిని హీవీ అంటారు, అది ఈ రోజుల లెక్కలోకి రాదు. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. వారానికి 20 గంటలు దొరికితే నీ తిండి, అద్దె వెళ్లిపోతాయి. లోన్ తీరదు. తీరుతుందని ఎవరైనా చెప్తే, వాళ్లు పరీక్షలు ఎన్ని రాశారో అడుగు. గోదాములో రాత్రి షిఫ్టులు చేసి నెలకు వెయ్యి దాటించి, మూడు సబ్జెక్టులు పోగొట్టుకున్న పిల్లలు నా బ్యాచ్‌లోనే ఉన్నారు.

ఇక్కడ సప్లీ మన దగ్గరలా ఉండదు. చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకు మూడే అవకాశాలు. మూడోసారి కూడా పోతే పేరు తీసేస్తారు, ఆ తర్వాత జర్మనీలో ఎక్కడా అదే కోర్సు చదవనివ్వరు. మన దగ్గరలా ఇంటర్నల్స్ కలవవు, చాలా సబ్జెక్టులకు చివరి పరీక్ష ఒక్కటే మొత్తం మార్కు. పైగా పరీక్షకు పోర్టల్‌లో నువ్వే రిజిస్టర్ చేసుకోవాలి, ప్రిపేర్ కాకపోతే గడువులోపు నువ్వే రద్దు చేసుకోవాలి. నేను మొదటి సెమిస్టర్‌లో ఫైనైట్ ఎలిమెంట్ పరీక్షను "చూద్దాంలే" అని రాసి పోగొట్టుకున్నాను. రెండోసారి రాసే ముందు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్ము.

ఇప్పుడు భాష. నువ్వు దీన్ని ఆఖర్లో, ఒక్క లైన్‌లో అడిగావు: "కోర్సు ఇంగ్లిష్‌లోనే కదా, జర్మన్ తప్పనిసరా?" నేనైతే దీన్నే మొదటి ప్రశ్నగా పెట్టేదాన్ని. ఈ దేశం ఫీజు తీసుకోదు, బదులుగా భాష అడుగుతుంది. సీటుకు జర్మన్ అక్కర్లేదు. చదువుకి అక్కర్లేదు. మెకానికల్ ఉద్యోగానికి కావాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇంగ్లిష్‌తో నెట్టుకొస్తారు, వాళ్లని చూసి మోసపోకు. మన పని షాప్‌ఫ్లోర్ మీద ఉంటుంది. డ్రాయింగ్ మీద నోట్స్ జర్మన్‌లో ఉంటాయి. మెషీన్ దగ్గర ముప్పై ఏళ్లుగా నిలబడ్డ పెద్దాయన తన యాసలో మాట్లాడతాడు, ఆయనకు నువ్వు అర్థం కావాలి.

నేను జర్మన్‌లో ఏ1 మాత్రమే చేసి వచ్చాను. అది మొదటి మెట్టు, దాని పైన ఏ2, బీ1, బీ2 వరసగా ఉంటాయి. రెండో ఏడాది ఒక చిన్న కంపెనీలో పార్ట్‌టైమ్ దొరికింది. ఒకరోజు వర్క్‌షాప్ నుంచి ఫోన్ చేసి ఒక కొలత చెప్పారు, నేను 53 అని రాసుకున్నాను. వాళ్లు చెప్పింది 35. జర్మన్‌లో 35ని "అయిదూ-ముప్పై" అన్నట్టు ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి చెప్తారు. మనకు ముప్పై అయిదు అనే అలవాటు కదా, చెవికి ముందు పడ్డ అయిదును ముందే రాసేశాను. 40 బ్రాకెట్లు చెత్తలోకి వెళ్లాయి. ఎవరూ అరవలేదు. మా సూపర్‌వైజర్ మరుసటి రోజు నుంచి అంకెలన్నీ కాగితం మీద రాసి ఇవ్వడం మొదలుపెట్టాడు. అరిచినా అంత సిగ్గనిపించేది కాదు. ఆ వారమే బీ1 క్లాసులో చేరాను.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. వినడానికి చాలా సమయం. బీ1తో నేను తొంభైకి పైగా అప్లికేషన్లు పెట్టాను, ఏడు ఇంటర్వ్యూలు వచ్చాయి, అందులో ఆరు మొదటి పది నిమిషాల్లోనే ముగిశాయి. బీ2 అయ్యాక పెట్టిన ఇరవైలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పరిస్థితి అప్పటికన్నా కష్టంగా ఉంది. ఫోక్స్‌వ్యాగన్ 2030 నాటికి 35,000 ఉద్యోగాలు తగ్గించడానికి 2024 డిసెంబర్‌లో యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. కార్ల విడిభాగాలు చేసే జెడ్ఎఫ్ 2028 చివరికి జర్మనీలో 14,000 దాకా తగ్గిస్తామని చెప్పింది. కార్ల మీదే ఆశ పెట్టుకుని రాకు. కోర్సు ఎంచుకునేటప్పుడు రైల్వే, విద్యుత్తు, మెషీన్ టూల్స్, వైద్య పరికరాల వైపు తలుపు తెరిచి ఉండేలా చూసుకో. నీ ఏడాదిన్నర డిజైన్ అనుభవానికి ఇక్కడ విలువ ఉంటుంది, దాన్ని వదిలేసి డేటా సైన్స్‌కి వెళ్తే సున్నా నుంచి మొదలవుతుంది.

కాబట్టి హైదరాబాద్‌లో ఉండగానే ఏ2 పూర్తి చెయ్యి. జర్మన్ నేర్పే గోతె-జెంట్రుమ్ ఉంది, వేరే మంచి టీచర్ దొరికినా సరే, సర్టిఫికెట్ కన్నా మాట్లాడటం ముఖ్యం. వచ్చాక మొదటి ఏడాదిలో బీ1, థీసిస్ మొదలుపెట్టేలోపు బీ2. యూనివర్సిటీలోనే భాష క్లాసులు తక్కువ ఖర్చుకో, ఉచితంగానో ఉంటాయి. ఈ ప్లాన్ చూసి "అబ్బా, ఇదంతా ఎవరు చేస్తారు" అనిపిస్తే నిజాయితీగా చెప్తున్నా, జర్మనీ వద్దు. ఆ డబ్బుతో ఇంకో దేశం చూసుకో, లేదా అక్కడే ఉద్యోగంలో ఎదుగు. అందులో తప్పేం లేదు.

కాగితాల పని గబగబా చెప్పేస్తాను. అన్నిటికన్నా ముందు ఏపీఎస్ సర్టిఫికెట్. నీ డిగ్రీ కాగితాలు అసలువేనని ఢిల్లీలో జర్మన్ ఎంబసీకి చెందిన కేంద్రం ఇచ్చే ధ్రువీకరణ అది. 2022 నవంబర్ నుంచి వీసాకి తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు. అక్టోబర్‌లో క్లాసులకు రావాలంటే అంతకుముందు ఏడాది చివర్లోనే దీనికి పెట్టెయ్యి. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) నీ దగ్గర లేకపోతే యూనివర్సిటీ చుట్టూ తిరగడానికి సెలవులు దాచుకో. ఐఈఎల్‌టీఎస్ 6.5 ఉంటే చాలా చోట్ల సరిపోతుంది. ఎక్కువ అప్లికేషన్లు యూనివర్సిటీల తరఫున వాటిని పరిశీలించే యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా వెళ్తాయి, మొదటిదానికి 75 యూరోలు, ఆ తర్వాత ఒక్కోదానికి 30. ఎనిమిది పెడితే 285 యూరోలు. కన్సల్టెన్సీకి కట్టబోయే లక్షలో నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందా చూసుకో. మన వాళ్లలో చాలామందికి ఉంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక అక్షరం, డిగ్రీ మెమోలో పూర్తిగా, పాస్‌పోర్టులో అసలు లేకపోతే ఇక్కడ ఒక్కో ఆఫీసు ఒక్కోలా రాసుకుంటుంది. నా స్నేహితురాలికి బ్యాంకులో ఒక పేరు, ఇన్సూరెన్స్‌లో ఒక పేరు పడి, ఆర్నెల్లు ఉత్తరాలు రాసుకుంది. సరి చేయించుకోగలిగితే ఏపీఎస్‌కి పెట్టకముందే చేయించుకో. ఇల్లు దొరకగానే పోస్టుబాక్సు మీద నీ పేరు అంటించు, ఆ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి తీసుకెళ్తాడు. బ్యాంకు పిన్ నుంచి వీసా ఆఫీసు పిలుపు దాకా ఇక్కడ అన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. గది చూడకుండా, తాళాలు పోస్టులో పంపుతామనేవాడికి ముందే డబ్బు పంపకు, వాడికి గది ఉండదు.

అమ్మ ప్రశ్న మిగిలింది. బియ్యం, కందిపప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, చిన్న ఊరైతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఆదివారం షాపులన్నీ మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలని మొదటి వారంలోనే తెలిసిపోతుంది. సూట్‌కేసులో ఆవకాయ, కారప్పొడులు పెట్టుకో. నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు. ఫ్రాంక్‌ఫర్ట్ కస్టమ్స్‌లో మా అమ్మ కట్టిచ్చిన రెండు కిలోల నెయ్యి నా కళ్ల ముందే పారేశారు. ఇంటికి ఫోన్ చేసి మాత్రం చాలా బాగుందమ్మా, రోజూ వేసుకుంటున్నా అని చెప్పాను. ఇప్పటికీ ఆవిడకు తెలియదు.